కాజీపేట నుంచి వరంగల్ దాకా: రద్దీ రోడ్డును అందరి రోడ్డుగా మలిచే విధానం

కాజీపేట రైల్వే స్టేషన్ దగ్గర మొదలై ఎన్‌ఐటీ, సుబేదారి, అదాలత్, హనుమకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్ స్టేషన్ దాకా సాగే రోడ్డే మూడు ఊళ్లను ఒక్క నగరంగా కలిపి ఉంచింది. ఎంజీఎంలో చూపించుకోవడానికి ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే రోగులు, బస్సు మారి కాకతీయ విశ్వవిద్యాలయానికి పోయే విద్యార్థులు, కోర్టు వాయిదాకు వచ్చే రైతులు, తెల్లవారక ముందే ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు, వేయిస్తంభాల గుడికి వచ్చే యాత్రికులు, అందరూ ఈ రోడ్డును ఎక్కడో ఒకచోట కాలినడకన దాటవలసినవారే. అయినా ఇలాంటి రోడ్డును బాగు చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా మన ఆలోచన వెడల్పు దగ్గరే ఆగిపోతుంది. వెడల్పు చేసిన రోడ్డు మీద వాహనాలు పెరుగుతాయి, వేగం పెరుగుతుంది, దాటవలసిన దూరమూ పెరుగుతుంది. నడిచేవారికీ, బస్సు కోసం నిలబడేవారికీ మాత్రం ఎప్పటిలాగే మోరీ మీద కప్పిన బండలే మిగులుతాయి.

కాలనీ సంఘాలకు, కార్పొరేటర్లకు, వార్డు స్థాయి ఇంజినీర్లకు, ఈ విషయం మీద ప్రాజెక్టు చేయదలచిన విద్యార్థులకు ఉపయోగపడాలన్న ఉద్దేశంతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను. దీనికంతటికీ ఆధారం ఒకే నియమం: రోడ్డును మధ్య గీత నుంచి బయటికి కాకుండా, రెండు అంచుల నుంచి లోపలికి కొలుచుకుంటూ రావాలి. నడిచేవారికి, బస్సు ఎక్కేవారికి కావలసినంత ముందుగా తీసి పెట్టిన తరువాత మిగిలినదే వాహనాల భాగం. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలనే చెప్పింది. కనుక ఇది కొత్త కోరిక కాదు, అమలు కావలసిన పాత మాట.

మొదట తెలుసుకోవలసినవి

రోడ్డు ఎవరిదో తేల్చుకోకుండా గీసిన ఏ నక్షా ముందుకు కదలదు. ఒకే రోడ్డులో ఒక భాగం గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ చేతిలో, మరో భాగం రోడ్లు భవనాల శాఖ చేతిలో, ఇంకో భాగం జాతీయ రహదారుల విభాగం చేతిలో ఉండవచ్చు. మాస్టర్ ప్లాన్ ప్రకారం ఆ రోడ్డుకు ఎంత వెడల్పు నిర్ణయించారో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ దగ్గర తెలుస్తుంది. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థవి. దాని ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉన్నది కాబట్టి దరఖాస్తు పట్టుకుని హైదరాబాదు పోవలసిన పని లేదు. వేయిస్తంభాల గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడం పక్కన పని చేయాలంటే మరో జాగ్రత్త అవసరం. 2010లో సవరించిన చట్టం ప్రకారం అటువంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కాలువ తవ్వాలన్నా, షెల్టర్ కట్టాలన్నా ముందే పురావస్తు శాఖను సంప్రదించాలి. పని మొదలైన తరువాత నోటీసు వస్తే తవ్విన గుంత తవ్వినట్టే నెలల తరబడి ఉండిపోతుంది.

మొత్తం రోడ్డును ఒకేసారి మార్చాలని కోరడం కంటే రెండు చౌరస్తాల నడుమ కిలోమీటరు మేర ఎంచుకోవడం మంచిది. ఆ భాగంలో ఒక ఆసుపత్రి గానీ, బస్టాండు గానీ, రెండు మూడు కళాశాలలు గానీ ఉండేలా చూసుకోవాలి. నా అభిప్రాయంలో మన నగరంలో ఎంజీఎం పరిసరాలకు మించిన అర్హత మరే భాగానికీ లేదు. అక్కడ నడిచేవారిలో చాలామంది అనారోగ్యంతో ఉన్నవారో, వారిని పట్టుకుని నడిపించేవారో అయి ఉంటారు.

మనుషులను లెక్కపెట్టడం

రోడ్డు సర్వే అంటే సాధారణంగా వాహనాలను లెక్కిస్తారు, వాటిని కారు ప్రమాణంలోకి మారుస్తారు. ఆ లెక్కలో నలభై మంది ఉన్న బస్సు రెండు మూడు కార్లకు సమానమవుతుంది, నడిచే మనిషి అసలు లెక్కలోకే రాడు. అందువల్ల మీ సర్వే కాగితంలో వాహనాల సంఖ్య పక్కన మనుషుల సంఖ్యకు ఒక గడి తప్పనిసరిగా ఉండాలి. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నవారితో సహా ఎందరున్నారు, మోటారు సైకిల్ మీద పిల్లలతో కలిపి ఎందరున్నారు, బస్సులో కూర్చున్నవారు ఎందరు, నిలబడ్డవారు ఎందరు అన్నది రాయాలి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది కాబట్టి, అంతకు ముందు చేసిన సర్వేల మీద ఆధారపడి బస్‌స్టాపు పరిమాణం నిర్ణయించకూడదు.

లెక్కించే రోజుల ఎంపికలో ఊరి సంగతి తెలిసి ఉండాలి. మామూలు పనిదినం ఒకటి, ఆదివారం ఒకటి ఎలాగూ ఉండాలి. వాటికి తోడు, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే వేసవి ముందరి నెలల్లో ఒక రోజు, బతుకమ్మ రోజుల్లో ఒక సాయంత్రం కూడా లెక్కించాలి. పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 8 దాకా రద్దీని చూస్తే చాలునని చాలామంది అనుకుంటారు. ఆసుపత్రి ముందు మాత్రం మధ్యాహ్నం ఎండలో ఓపీ చీటీతో, మందుల సంచితో రోడ్డు దాటేవారినీ లెక్కించాలి, రాత్రి 10 దాటాక అత్యవసర విభాగానికి వచ్చేవారినీ లెక్కించాలి.

రోడ్డు వెంట నడిచేవారికంటే రోడ్డు దాటేవారి లెక్క ముఖ్యం. ఒక పెద్ద కాగితం మీద రోడ్డును గీసి, మనుషులు ఎక్కడెక్కడ దాటుతున్నారో అక్కడక్కడ గీత పెడుతూ పోతే గంటలోనే ఒక రూపం కనిపిస్తుంది. డివైడర్ రెయిలింగ్ విరిగిన చోట, మందుల దుకాణాల ఎదుట, ఆటోలు ఆగే మలుపు దగ్గర గీతలు గుంపుగా పడతాయి. అక్కడ దాటవద్దని బోర్డు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. జీబ్రా క్రాసింగు ఉండవలసిన చోటును ప్రజలే చూపిస్తున్నారని అర్థం చేసుకుని, దానిని అక్కడికే తీసుకురావాలి.

ఆ తరువాత ఆ కిలోమీటరును కొందరితో కలిసి నడవాలి. చక్రాల కుర్చీలో ఉన్న ఒకరు, చూపు లేని ఒకరు, చంకలో బిడ్డ ఉన్న తల్లి, కర్ర పట్టుకున్న వృద్ధులు ఒకరు ఆ నడకలో ఉండాలి. వారు ఎక్కడ కాలిబాట దిగి రోడ్డు మీదకు రావలసి వచ్చిందో, ఎందుకు రావలసి వచ్చిందో రాసుకోవాలి. ఈ ఒక్క నడకతో దొరికే సమాచారం ఏ యంత్రంతోనూ దొరకదు.

వెడల్పును పంచడం

టేపు పట్టుకుని ప్రతి 20 మీటర్లకు ఒకసారి గోడ నుంచి గోడకు కొలవండి. రికార్డులో 30 మీటర్లని ఉన్న రోడ్డు ఒకచోట 31, మరోచోట 24 ఉంటుంది. కొలిచే ప్రతి చోటా దుకాణం మెట్లు, సెల్లార్ ర్యాంపు, స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, మ్యాన్‌హోల్, చెట్టు, హోర్డింగు ఎక్కడున్నాయో గుర్తించండి. చెట్ల పేర్లు కూడా రాయండి. నక్షాలో లేని చెట్టును కాంట్రాక్టరు కొట్టివేసినా అడిగేవారుండరు.

ఇప్పుడు పంపకం. భారత రోడ్ల కాంగ్రెస్ 2012లో సవరించిన ఐఆర్‌సీ 103 మార్గదర్శకాల ప్రకారం నివాస ప్రాంతాల్లో అడ్డంకి లేని కాలిబాట కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు ఉండాలి. ఇక్కడ అడ్డంకి లేని అన్న మాటే ప్రధానం. మూడు మీటర్ల కాలిబాట మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది మూడు మీటర్ల కాలిబాట కాదు. అందుకే దుకాణం మెట్ల వైపు 0.7 మీటరు, నడకకు 2.5 మీటర్లు, స్తంభాలకు, బోర్డులకు 0.5 మీటరు చొప్పున మొత్తం 3.7 మీటర్లు ప్రతి వైపునా ముందుగా తీసి పెట్టాలని నేను సూచిస్తాను.

రోడ్డు వెడల్పు 30 మీటర్లు అనుకుందాం. ప్రతి వైపునా కాలిబాట 3.7 మీటర్లు, దాని పక్కన సైకిల్ దారి 2 మీటర్లు, ఆ తరువాత చెట్లు, బండ్ల పార్కింగు, ఆటో అడ్డా, తోపుడు బండ్లు, బస్‌స్టాపు వంతుల వారీగా ఉండే పట్టీ 2.25 మీటర్లు, ఆపైన బస్సులు పోయే వరుస 3.3 మీటర్లు, లోపలి వరుస 3 మీటర్లు. ఇవి కలిపితే 14.25 మీటర్లు, రెండు వైపులా 28.5 మీటర్లు. మధ్యలో డివైడర్‌కు 1.5 మీటర్లు మిగులుతుంది. దాటేవారు మధ్యలో నిలబడడానికి ఆ మాత్రం వెడల్పు కావాలి; అడుగు మందం సిమెంటు గోడ మీద ఎవరూ నిలబడలేరు.

అదే రోడ్డు ముందుకు పోయి 20 మీటర్లకు కుదించుకుపోయిన చోట ఏం చేయాలన్నది అసలు పరీక్ష. సాధారణంగా అక్కడ మొదట మాయమయ్యేది కాలిబాటే. ఈ పద్ధతిలో కాలిబాట 3.7 మీటర్లు అలాగే ఉంటుంది, రెండు వరుసలకు 6.3 మీటర్లు అలాగే ఉంటుంది, రెండు వైపులా కలిపి సరిగ్గా 20 మీటర్లు అవుతుంది. పోయేవి పార్కింగు పట్టీ, విడి సైకిల్ దారి, డివైడరు. సైకిళ్లు వాహనాలతో కలిసి పోవలసి వస్తుంది కాబట్టి అక్కడ వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకుండా రోడ్డును మలచాలి. ఇరుకైన చోట కారు నిలిపే హక్కు కంటే మనిషి నడిచే హక్కు ముందు రావాలి. ఈ విషయంలో రాజీ పడితే మిగతా నక్షా అంతా వృథా. కాలిబాట మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పిన సంగతిని వినతిపత్రంలో ప్రస్తావించవచ్చు.

వాహనాల వరుసలను తగ్గిస్తే రద్దీ పెరుగుతుందన్న అభ్యంతరం ప్రతి సమావేశంలోనూ వస్తుంది. దానికి జవాబు రోడ్డు మీదే ఉంది. ఇప్పుడున్న వెడల్పు రోడ్డులో ఎడమ వరుస ఎప్పుడూ నిలిపిన బండ్లతో, ఆగిన ఆటోలతో, రోడ్డు మీద నిలబడి బస్సు కోసం చూసేవారితో నిండి ఉంటుంది. నిజంగా కదిలే వరుసలు ఎన్నో మీ సర్వే ఫొటోలే చెబుతాయి. ఆగవలసిన వాటికి వేరే చోటు చూపించి, కదిలే రెండు వరుసలను మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో ఉంచితే బండ్లు సాఫీగా కదులుతాయి. ఒకచోట మూడు వరుసలు, ముందుకు పోగానే రెండు, మళ్లీ మూడు అన్నట్టు ఉన్న రోడ్డులోనే తోపులాట ఎక్కువ. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో మార్చిన రోడ్లలో పాటించిన ముఖ్య సూత్రాలలో ఇది ఒకటి. అక్కడ వరుసల వెడల్పును ఒకే తీరుగా ఉంచి, పైపులను, కేబుళ్లను కాలిబాట కిందికి మార్చారు.

కాలిబాట కట్టే తీరు

కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అడుగున్నర ఎత్తు కట్టి, ప్రతి గేటు దగ్గర పల్లం చేసి, మళ్లీ ఎత్తు పెంచితే ముసలివారు దాన్ని వదిలి రోడ్డు మీదే నడుస్తారు, అందుకు వారిని తప్పుపట్టలేము. దుకాణాల గేట్ల దగ్గర, చిన్న గల్లీలు కలిసే చోట కాలిబాట తన ఎత్తులోనే కొనసాగాలి. బండి ర్యాంపు ఎక్కి, కాలిబాటను దాటి లోపలికి పోవాలి. దిగవలసిన చోట వాలు 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తుకు మించరాదు. చూపు లేనివారి కోసం పరిచే పలకల్లో నిలువు గీతలున్నవి ముందుకు సాగమని, చుక్కలున్నవి ఆగమని సూచిస్తాయి. వాటిని అలంకారం కోసం వంకరటింకరగా పరిచి, చివరికి స్తంభం దగ్గర ముగించడం చాలా చోట్ల కనిపిస్తుంది. మేస్త్రీకి వాటి అర్థం చెప్పకపోవడమే దీనికి కారణం. పని మొదలయ్యే రోజున చూపు లేని ఒకరిని పిలిచి మేస్త్రీలతో మాట్లాడిస్తే ఈ పొరపాటు జరగదు.

నున్నటి టైల్స్, పాలిష్ చేసిన గ్రానైటు వానకు జారుతాయి. గరుకుగా చెక్కిన రాయి గానీ, సరిగ్గా దిమ్మిస వేసిన నేల మీద పరిచిన పేవర్ బ్లాకులు గానీ మంచివి.

నీళ్ల దారి

2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ వరదలు చూసిన ఊరిలో రోడ్డు నక్షాను నీళ్లతో మొదలుపెట్టవలసిన అవసరాన్ని ఎక్కువగా వివరించనక్కరలేదు. కాకతీయుల కాలపు చెరువుల నడుమ నీళ్లు పారిన పల్లపు దారులను మన రోడ్లు చాలా చోట్ల అడ్డంగా కోశాయి. రోడ్డు కింద ఉన్న ప్రతి కల్వర్టు ఎక్కడ మొదలై ఏ నాలాలో కలుస్తుందో చివరి దాకా నడిచి చూడాలి. కాలిబాట కింద కట్టే కొత్త మోరీకి చివర దారి లేకపోతే అది పొడుగాటి తొట్టి మాత్రమే.

మరొక సంగతి అంతగా చర్చకు రాదు. పాత తారు మీదే కొత్త తారు వేస్తూ పోవడం వల్ల రోడ్డు మట్టం ఏటేటా పెరుగుతుంది. అప్పుడు కాలిబాట రోడ్డుతో సమానమవుతుంది, దుకాణాలు, ఇళ్లు రోడ్డు కంటే కిందికి పోతాయి, వాన నీళ్లు గడపలోకి వస్తాయి. టెండరులోనే పాత పొరను యంత్రంతో గీకి తీసిన తరువాతే కొత్త పొర వేయాలని, పూర్తయిన రోడ్డు మట్టం ఇంత ఉండాలని అంకెతో సహా రాయించాలి. మోరీ జాలీల కమ్మీలు రోడ్డు పొడవునా కాక అడ్డంగా ఉండాలి, లేకపోతే సైకిల్ చక్రం వాటిలో దిగిపోతుంది.

దాటడం, చౌరస్తాలు

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసినది ఇక్కడే. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, 32,825 మంది నడిచిపోతున్నవారు. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో ముగ్గురికి పైగా చుట్టూ ఇనుప కవచం లేనివారే.

వేగం సంగతి లెక్క వేసి చూడవచ్చు. రోడ్డు ఇంజినీర్లు డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేయడానికి 2.5 సెకన్లు పడుతుందని లెక్కిస్తారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ 2.5 సెకన్లలో దాదాపు 35 మీటర్లు ముందుకు వచ్చేస్తుంది; 30 కిలోమీటర్ల వేగంతో వచ్చేది 21 మీటర్లు వస్తుంది. ఇది బ్రేకు పడక ముందు మాటే. ఆసుపత్రి ముందు, బడి ముందు 30 కిలోమీటర్ల వేగం కోరడం వెనుక ఉన్న కారణం ఈ 14 మీటర్ల తేడా.

వేగాన్ని బోర్డు తగ్గించదు, రోడ్డు ఆకారం తగ్గిస్తుంది. చౌరస్తా మూలను పెద్ద వంపుతో గుండ్రంగా కట్టితే బండి వేగం తగ్గించకుండానే తిరుగుతుంది; మూలను దగ్గరికి లాగి వంపు చిన్నది చేస్తే తప్పనిసరిగా నెమ్మదిస్తుంది, దాటేవారికి దూరం కూడా తగ్గుతుంది. బస్సులు, ఫైరింజన్లు తిరగగలవో లేదో ముందుగా సుద్దతో గీసి, ఒక బస్సును తిప్పించి చూడాలి. ఎడమవైపు ఆగకుండా పోయే ఫ్రీ లెఫ్ట్ దారులు నడిచేవారికి పెద్ద శత్రువులు. సిగ్నల్ పడినా ఆ వైపు బండ్ల ప్రవాహం ఆగదు కాబట్టి వారికి దాటే అవకాశమే రాదు. వీలైనన్ని చోట్ల వాటిని మూసివేసి ఆ స్థలాన్ని కాలిబాటలో కలపాలి.

సిగ్నల్ సమయాన్ని లెక్కించేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని తీసుకోవడం వాడుక. కర్రతో నడిచేవారికి 0.8 మీటర్లు తీసుకోవడమే న్యాయం. పైన చెప్పిన 20 మీటర్ల రోడ్డులో దాటవలసిన 12.6 మీటర్లకు 1.2 లెక్కన 10.5 సెకన్లు చాలు, 0.8 లెక్కన దాదాపు 16 సెకన్లు కావాలి. 30 మీటర్ల రోడ్డులో డివైడర్ దగ్గర ఆగే చోటు ఉంది కాబట్టి, పార్కింగు పట్టీ స్థానంలో కాలిబాటను రోడ్డు అంచు దాకా ముందుకు తెస్తే ఒక్కో విడతకు 6.3 మీటర్లే దాటాలి, 8 సెకన్లు చాలు. వెడల్పయిన రోడ్డులో కూడా దాటే దూరాన్ని ఇలా తగ్గించవచ్చు.

చౌరస్తాల నడుమ, మీ సర్వేలో గీతలు గుంపుగా పడిన చోట కాలిబాట ఎత్తుకే లేపిన జీబ్రా కట్టించండి. దాని మీదకు బండి ఎక్కి దిగాలి, మనిషి మాత్రం ఎక్కడా దిగకుండా సమంగా నడిచిపోతాడు. అంబులెన్సులు పోయే దారిలో దాని వాలును సాగదీసి కడితే లోపల ఉన్న రోగికి కుదుపు తక్కువ. మన దగ్గర ఎక్కడపడితే అక్కడ వేసే నిటారు స్పీడ్ బ్రేకర్ల కంటే ఇది అన్ని విధాలా మేలు. పాదచారుల వంతెనను పరిష్కారంగా ఎవరైనా ముందుకు తెస్తే, దాన్ని ఎంజీఎం ముందు ఉంచి అక్కడి రోగిని ఆ మెట్లెక్కించగలరా అని అడగండి.

బస్సులు, ఆటోలు

బస్‌స్టాపును చౌరస్తా దాటిన తరువాత, మలుపుకు కొంత దూరంలో పెట్టాలి. చౌరస్తాకు ముందు పెడితే ఆగిన బస్సు ఎడమకు తిరిగేవారికి అడ్డమవుతుంది, దాని చాటు నుంచి దాటేవారు ఎదుటివారికి కనబడరు. బస్సు కోసం రోడ్డు అంచును లోపలికి కోసి బే కట్టడం పాత పద్ధతి. ఆ బేలో ఆటోలు నిలుస్తాయి, బస్సు రోడ్డు మధ్యలోనే ఆగుతుంది, ఎక్కేవారు పరుగెత్తుతారు. దానికి బదులు కాలిబాటను పార్కింగు పట్టీ మీదుగా బస్సు వరుస దాకా ముందుకు తెచ్చి వేదికలాగా కట్టితే, బస్సు తన వరుసలోనే ఆగుతుంది, షెల్టరుకు చోటు దొరుకుతుంది, వెనుక కాలిబాట ఖాళీగా ఉంటుంది. సైకిల్ దారి షెల్టరు వెనుక నుంచి సాగాలి.

షేర్ ఆటోలను ఆటంకంగా చూసే నక్షా మన ఊరిలో విఫలమవుతుంది. కాజీపేట నుంచి వరంగల్ దాకా బస్సు చేరని సమయంలో, చేరని గల్లీకి మనుషులను చేర్చేది అవే. ప్రతి బస్‌స్టాపుకు ముందు పట్టీలో నాలుగైదు ఆటోలు ఆగేంత అడ్డాను గుర్తించి, ఆటో సంఘంతో కూర్చుని చోటును ఖరారు చేయాలి. వారికి చోటు చూపించిన తరువాతే రోడ్డు మీద ఆగినందుకు జరిమానా వేయడం ధర్మం.

తోపుడు బండ్లు, చెట్లు, పండుగలు

2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, దాని సభ్యులలో కనీసం 40 శాతం వ్యాపారుల నుంచే ఎన్నికైనవారు, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. మీ కిలోమీటరులో ఉన్న పండ్ల బండ్లు, టీ బండ్లు, పూలమ్మేవారి పేర్లు ఆ కమిటీ జాబితాలో ఉన్నాయో లేవో చూడండి. నడకకు వదిలిన 2.5 మీటర్లలోకి రాకుండా, 2.25 మీటర్ల పట్టీలో వారికి గడులు గీసి, నీళ్ల కొళాయి, దీపం, చెత్త డబ్బా ఇవ్వాలి. రాత్రి పూట వారు ఉన్న చోటే ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ధైర్యం.

ఏప్రిల్, మే ఎండల్లో నీడ లేని కాలిబాట ఖాళీగానే ఉంటుంది. వేప, కానుగ వంటి చెట్లను పట్టీలో ఎనిమిది పది మీటర్లకు ఒకటి చొప్పున నాటి, మొదలు చుట్టూ కనీసం మీటరు చదరం మట్టిని సిమెంటు లేకుండా వదలాలి.

బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి పరిసరాలు, రెండేళ్లకు ఒకసారి మేడారం జాతర వేళ హనుమకొండ నుంచి బస్సులు కదిలే దారులు జనంతో నిండిపోతాయి. అందుకే డివైడర్‌లో కొన్ని చోట్ల తీసి పెట్టగలిగే దిమ్మెలు, పోలీసులు తాత్కాలికంగా దారి మళ్లించుకునే వీలు ఉంచాలి.

తాత్కాలికంగా చేసి చూడడం, తరువాత కట్టడం

రాయి వేయక ముందే సున్నంతో, రంగుతో, డ్రమ్ములతో, ఇసుక బస్తాలతో మొత్తం నక్షాను రోడ్డు మీద గీసి కనీసం నెల రోజులు నడిపించండి. ట్రాఫిక్ పోలీసుల అనుమతి, సహకారం దీనికి తప్పనిసరి. దుకాణదారులను ముందే కలవాలి. పార్కింగు పోతే వ్యాపారం పోతుందన్న వారి భయం నిజమైనది, దానిని కొట్టిపారేయకూడదు. వారి కొనుగోలుదారులలో ఎందరు నడిచి, ఎందరు బస్సులో, ఎందరు కారులో వస్తున్నారో వారి దుకాణాల ముందే, వారితోనే లెక్కించడం మాటల కంటే బలంగా పనిచేస్తుంది. చెన్నైలో 2019లో పాదచారుల రోడ్డుగా మారిన పాండీ బజారు రద్దీ వ్యాపార వీధే.

ప్రయోగంలో డ్రమ్ములను ఎక్కడ తన్నేశారో, ఎక్కడ జరిపారో గమనించి నక్షాను సరిదిద్దాలి. ఆ తరువాతే టెండరు. టెండరులో మొదట భూమి కింద పని, అంటే మంచినీళ్లు, మురుగు, వాన నీళ్లు, కేబుళ్లు, తరువాత కాలిబాట, చివరికి తారు. ఈ వరుస తప్పితే కొత్త రోడ్డును తవ్వే మొదటి గునపం ఆరు నెలల్లోనే దిగుతుంది. ఎత్తయిన రోడ్డు దీపాలతో పాటు కాలిబాట మీద పడేలా తక్కువ ఎత్తు దీపాలు కూడా అంచనాలో చేరాలి. చెట్ల కొమ్మల పైన వెలిగే దీపం కింద నడిచేవారికి పనికిరాదు.

ఇంజినీర్లతో మాట్లాడేటప్పుడు 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షనును గుర్తు చేయవచ్చు. రోడ్డు నమూనాలో, నిర్మాణంలో, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ, వైకల్యం గానీ కలిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. బెదిరించడానికి కాదు, పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ప్రమాణాన్ని పట్టుకుని నిలబడాలనుకునే ఇంజినీరుకు అది ఆసరా అవుతుంది.

ఒప్పందంలో నిర్వహణకు కనీసం మూడేళ్ల బాధ్యతను కాంట్రాక్టరు మీద ఉంచాలి. ఏదైనా శాఖ కాలిబాటను తవ్వితే అదే రాయితో, అదే మట్టంలో తిరిగి పరచాలన్న షరతు, అందుకు ముందే డిపాజిట్ కట్టించుకునే ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలి. రోడ్డు తెరిచిన ఆరు నెలలకు, మళ్లీ ఏడాదికి, మొదట లెక్కించిన చోట్లలోనే, అవే వేళల్లో, అదే కాగితం మీద మనుషులను తిరిగి లెక్కించండి. చక్రాల కుర్చీలో ఉన్నవారిని, చూపు లేనివారిని మళ్లీ పిలిచి అదే కిలోమీటరు నడిపించండి. వారు కాలిబాట దిగవలసి వచ్చిన చోట్ల జాబితాతో పాలక సంస్థకు తదుపరి దరఖాస్తు రాయండి.